సర్వీసు అయినంక ట్రాక్టర్ లిఫ్టు లేస్తలేదు – పంపు మార్చాల్నా?

సాగర్‌కాల్వ_50
మాది మిర్యాలగూడ పక్కన. 50 హార్స్‌పవర్ ట్రాక్టర్ బండి, 2016ల కొన్నం. కంపెనీ పేరు చెప్పను, చెప్తే అసలు ముచ్చట ఇడిసిపెట్టి మీరు మీరు కొట్లాడుకుంటరు. నాట్ల కంటె ముందు సర్వీసు చేపిచ్చిన. ఇంజను ఆయిలు, వెనక హౌసింగ్ (గేర్లు, లిఫ్టు ఆయిలు ఉండే పెట్టె) ఆయిలు, ఫిల్టర్లు అన్నీ మారినయ్. అంతకు ముందు ఆరు ఫీట్ల రోటావేటర్‌ను లివర్ పైకి గుంజంగనే టక్కున లేపేది. ఇప్పుడు ముసలవ్వ మెట్లెక్కినట్టు లేస్తుంది. ఫోన్ల టైం పెట్టి చూసిన, పొద్దున పూట 11 సెకన్లు. రేస్ పెంచితే లిఫ్టు వేగం పెరగదు గానీ లిఫ్టుకు ఆయిలు కొట్టే పంపు కాడ కుయ్యిమని సౌండ్ పెరుగుతది. మెకానిక్ వచ్చి చెవి పెట్టి విని, పంపు పోయింది, 16 వేలు చూస్కో అన్నడు. కాల్వకు నీళ్లు ఇడిసిండ్రు, దమ్ము చెయ్యాలె. పంపు మార్చాల్నా, ఇంకేమన్న చూడాల్నా?

ఆయిల్_డబ్బా
రోటావేటర్ మీద మీ ఊరి సర్పంచ్ ఎక్కి కూర్చున్నాడేమో, ముందు దింపి చూడన్నా.

రేపల్లె_రైతు
పంపే. డౌటే లేదు. మాదీ రెండేళ్ల కిందట అచ్చం ఇట్టానే మూలిగింది. పంపు మార్చా, మళ్లీ మాట్లాడలేదు. ఆలోచిస్తా కూర్చుంటే నారు ముదిరిపోద్ది.

మెకానిక్_బాబాయ్
ఆగండయ్యా, రోగిని చూడకుండా ఆపరేషన్ అంటారేంది. సాగర్ అబ్బాయ్, ముందు నేనడిగింది చెప్పు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ నీరసంగా ఉందా, రెండు గంటలు తోలినాక ఎక్కువ ఉందా? రోటావేటర్ ఎత్తి ఇంజను ఆపితే అట్టానే నిలబడుద్దా, జారుద్దా? ట్రక్కు జాకీ (వెనక ట్రాలీని ఎత్తేది) కూడా నెమ్మదిగానే లేస్తందా, ఒక్క లిఫ్టేనా? ఆయిలు కొలపుల్ల చూశావా? లిఫ్టు చేతులు పూర్తిగా కిందికి దించి, బండి చదును నేల మీద పెట్టి చూడాలి, లేపెట్టి చూస్తే తప్పు చూపిద్ది.

సాగర్‌కాల్వ_50
బాబాయ్, పొద్దుననే ఎక్కువ. రెండు గంటలు దున్నినంక 11 కాస్త 7 అయితుంది. ఎత్తి ఆపితే తెల్లారేదాక అట్లనే ఉంది, ఇంచు కూడ దిగలే. ట్రాలీ జాకీ కూడ మెల్లగనే. ఆయిలు పై గీత కాడికి ఉంది.

మెకానిక్_బాబాయ్
అయితే పంపు మీద నాకు అనుమానం సగానికి సగం తగ్గింది. అరిగిన పంపు చల్లగా ఉన్నప్పుడు బాగా ఎత్తుద్ది, ఆయిలు వేడెక్కి పల్చబడ్డాక లోపల్లోపలే కారిపోయి చేతులెత్తేస్తది. నీది తిరగేసి ఉంది. ఆయిలు చిక్కగా ఉన్నప్పుడు ఇబ్బంది, పల్చబడితే నయం. అంటే పంపుకి తాగటానికే అందట్లేదు. ఎత్తింది జారట్లేదు కాబట్టి సిలిండర్ సీలు జోలికి పోబాకు. ట్రక్కు జాకీ కూడా నీరసమే కాబట్టి లిఫ్టు ఒక్కదాని తప్పు కాదు, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నచోట చూడాలి. ఆయిలు, ఫిల్టరు, పంపు. ఈ మూడింట్లో మొన్న మారినవి ఏవి?

రేపల్లె_రైతు
బాబాయ్, కొత్త ఫిల్టరు వేస్తే లిఫ్టు పాడవటం ఏంది? పాతది మూసుకుపోయిందంటే అర్థం ఉంది. కొత్తది ఎట్టా అడ్డం పడుద్ది?

మెకానిక్_బాబాయ్
కొత్త చెప్పు కరవదా? తప్పు ఫిల్టరైతే కొత్తదే ఎక్కువ అడ్డం పడుద్ది.

కరీంనగర్_గొర్రు
నా ముచ్చట గూడ వినుండ్రి. మా దగ్గర ఒకాయన ప్రెజర్ గేజు తెచ్చి పెట్టిండు. 180 బార్ (ఒత్తిడి కొలత) చూపిచ్చింది, కంపెనీ బుక్కుల రాసినంతే. పంపు మంచిగుంది అని చెప్పి పోయిండు. లిఫ్టు మాత్రం నత్తలెక్కనే నడిచింది. గేజు అబద్ధం చెప్పుతదా?

పుణే_పంపులు
గేజు అబద్ధం చెప్పలేదు, మీరు దాన్ని వేరే ప్రశ్న అడిగారు. ప్రెజర్ అనేది ఆయిలుకు ఎదురైన అడ్డంకి వల్ల పుడుతుంది. లివర్ చివరిదాకా లేపి పట్టుకుంటే ఆయిలు కొంచెమే వస్తున్నా నెమ్మదిగా పేరుకుని, ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకునే దాకా వెళ్తుంది, గేజు 180 చూపిస్తుంది. లిఫ్టు ఎంత వేగంగా లేస్తుందన్నది మాత్రం నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయన్న దాని మీద ఉంటుంది. గేజు దాన్ని కొలవదు.

నేను పుణేలో ఈ పంపుల పనే చేస్తాను కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, విసుగొస్తే దాటేయండి. పంపు తర్వాత 180 బార్లు ఉంటాయి సరే. పంపు ముందు ఏముంది? పంపు ఆయిల్ని లాగుతుంది అంటాం కానీ నిజానికి హౌసింగ్‌లో ఉన్న ఆయిల్ని బయటి గాలి పీడనం నెట్టితేనే అది పంపులోకి వెళ్తుంది. ఆ గాలి బలం మొత్తం కలిపి ఒక్క బార్. అందులోనూ ఇలాంటి గేర్ పంపుకి (పళ్ల చక్రాలు తిరిగి ఆయిల్ని నెట్టేది) పావు, మహా అయితే 0.3 బార్ లోటు వచ్చేసరికే ఇబ్బంది మొదలవుతుంది. ఆపైన ఆయిల్లో బుడగలు పుడతాయి, అవి పంపులోకి వెళ్లి ఒత్తిడికి పగిలిపోతాయి. మీరు కుయ్యిమని విన్నది అదే. రేస్ పెంచితే పంపు ఇంకా ఎక్కువ అడుగుతుంది, ఫిల్టరు ఇవ్వలేదు, కూత పెరుగుతుంది, లిఫ్టు వేగం మాత్రం అక్కడే ఉంటుంది. సాగర్ గారు మొదటి పోస్టులో రాసింది ముక్కకు ముక్క ఇదే.

అందుకే పంపు ముందు పెట్టే ఫిల్టరు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల జాలి. తల వెంట్రుక 70 మైక్రాన్లు అనుకోండి, దానికి ఒకటిన్నర నుంచి రెండింతల కన్ను. 10, 25 మైక్రాన్ల సన్న ఫిల్టర్లు ఆయిలు తిరిగొచ్చే దారిలోనో, పంపు తర్వాతో పెడతారు, అక్కడ నెట్టే బలం ఉంటుంది కాబట్టి. కొన్ని బండ్లకు కంపెనీయే పంపు ముందు కాగితం ఫిల్టరు ఇస్తుంది, కాదనను. అప్పుడు లోపలి కాగితం వైశాల్యం లెక్కగట్టి పెద్ద డబ్బా ఇస్తుంది. చిన్న డబ్బాలో సన్న కాగితం పెడితే పెళ్లి జనాన్ని కిటికీలోంచి పంపినట్టు ఉంటుంది.

ఆయిల్_డబ్బా
చివరి ముక్క మాత్రం అర్థమైంది. మా పెదనాన్న కూతురి పెళ్లిలో అచ్చం అలాగే జరిగింది, వంటశాల దగ్గర.

సాగర్‌కాల్వ_50
పుణే అన్నా, నాకు చెమటలు పడ్తున్నయ్. ఫిల్టర్ నేనే తెచ్చిచ్చిన. స్పేర్ల షాపుల అసలుది స్టాక్ లేదన్నడు. ఇది పెట్టుకో, త్రెడ్డు ఒకటే, వాసర్ ఒకటే, రేటు సగం అన్నడు. మెకానిక్ గూడ కూసుంది కదా అని బిగిచ్చిండు.

రేపల్లె_రైతు
త్రెడ్డు కూర్చుంటే కూర్చున్నట్టేగా. కారకుండా ఉంటే చాలు.

మెకానిక్_బాబాయ్
త్రెడ్డు కూర్చుంటే చాలంటే మా చిన్నోడి చొక్కా గుండీలు నా చొక్కాకి కూడా పట్టుద్ది. నేను వేసుకోగలనా?

పాతబండి_1978
ఈ తలనొప్పులన్నీ పంపు బయటికి తెచ్చి పెట్టాక వచ్చినవే. మా పాత మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్‌కి పంపు ఆయిల్లోనే మునిగి ఉండేది. ఫెర్గూసన్ కట్టిన పద్ధతి అది, ఎత్తడం ఆపడం కూడా పంపులోకి పోయే ఆయిల్ని తెరిచి మూసే పద్ధతిలోనే. మా నాన్న తోలాడు, నేను తోలాను.

ఆయిల్_డబ్బా
పాతబండి గారు ఏ చర్చలోకి వచ్చినా చివరికి మాస్సీ దగ్గరికే తోలుకొస్తారు. పవర్ స్టీరింగ్ లేకపోయినా తిప్పుతారు.

సీమ_శనగచేను
మా అనంతపురం కత వినండి సామీ. మాకు దమ్ము లేదు, బురద లేదు, అయినా లిఫ్టు చచ్చిపోతాండె. రోజూ కాదు. పొద్దున బాగుంటాది, గంట తోల్తే పడిపోతాది, బండి ఆపి బీడీ తాగి మళ్లీ స్టార్ట్ చేస్తే లేస్తాది. ముగ్గురు మెకానిక్కులు, మూడు మాటలు. ఒగాయన రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద వాసర్లు కూడా వేసినాడు. కడాకు జాలి విప్పితే బొటనవేలంత సిలికాన్ గమ్ము ముక్క. అంతకు ముందెప్పుడో హౌసింగ్ మూత బిగించేటప్పుడు గమ్ము దండిగా పూసినారు, లోపలికి పిండుకోని తెగి పడింది. పంపు తిరిగితే జాలికి అతుక్కుంటాది, ఆపితే రాలిపోతాది. దెయ్యం అనుకోని నిమ్మకాయలు కూడా కట్టినాం.

పుణే_పంపులు
శనగచేను గారూ, ఆ వాసర్లు తీయించారా లేదా? రిలీఫ్ వాల్వ్ బిగించినా లీటర్లు పెరగవు, ఒత్తిడే పెరుగుతుంది. పైపో, సీలో, చివరికి మనిషో పగలాలి.

సీమ_శనగచేను
తీపిచ్చినా తీపిచ్చినా. నిమ్మకాయలు కూడా.

కోనసీమ_కుర్రోడు
ఆయిలు రంగు ఎలా ఉందో ఎవరూ అడగలేదేటండీ? మా వైపు దమ్ము అయ్యేసరికి హౌసింగ్ ఆయిలు పాలు కలిపిన టీలా అయిపోద్దండి. ఇరుసు దాకా నీళ్లలో మునిగి తిరుగుతాం కదండీ, సీళ్లలోంచి, గేరు రాడ్డు బూటులోంచి దిగిపోద్ది. నీళ్లు కలిసినా జాలి జిగురుగా పట్టేస్తదండి.

మెకానిక్_బాబాయ్
మంచి మాట. కాకపోతే తెల్లగా కనపడ్డదల్లా నీళ్లు కాదు. పంపు గాలి లాగినా నురగకి తెల్లబడుద్ది. సీసాలో పట్టి గట్టు మీద పెట్టు. గాలైతే కాసేపట్లో తేరుకుంటది, నీళ్లయితే తెల్లారినా తెల్లగానే ఉంటది. ఇంకా అనుమానమైతే వేడి పెనం మీద ఒక చుక్క వెయ్యి, నీళ్లుంటే చిటపటలాడుద్ది. దూరంగా నిలబడి వెయ్యి, మొహం పెట్టి చూడబాకు.

కోనసీమ_కుర్రోడు
పెనం మీదేస్తే మా ఆవిడ నన్ను వేయిస్తదండీ.

సాగర్‌కాల్వ_50
సీసాల పట్టిన. పైన నురగ ఉండె, పది నిమిషాలల్ల పోయింది. కింద తేటగనే ఉంది. నీళ్లు లేవు.

మెకానిక్_బాబాయ్
నురగ ఉందంటే బుడగలు వస్తన్నయ్. ఇంకొక్కటి చూడు. ఫిల్టరు మార్చేటప్పుడు పాత రబ్బరు వాసర్ ఫిల్టరు బిగించే తలకాయకే అంటుకుని ఉండిపోయి, దాని మీదే కొత్తది బిగించి ఉంటే గాలి లాగుద్ది. బయటికి చుక్క కూడా కారదు, లోపలికే పీల్చుద్ది, అందుకని కనపడదు. హౌసింగ్ నుంచి పంపు దాకా వచ్చే పైపు జాయింట్లన్నిటికీ దట్టంగా గ్రీజు పట్టించి స్టార్ట్ చెయ్యి. కూత మారితే గాలి, మారకపోతే ఫిల్టరు.

కరీంనగర్_గొర్రు
ఇంత కత ఎందుకన్నా. ఫిల్టర్ తీసి పక్కన పెట్టి, ఉత్త డబ్బా బిగించి నడుపు. లేచిందంటే ఫిల్టరే. సీజన్ మొత్తం అట్లనే నడిపినా ఏం గాదు. మా బామ్మర్ది నడిపిండు.

పుణే_పంపులు
వద్దు. ఆయిల్లో తడి బ్రేకుల (అదే ఆయిల్లో మునిగి ఉండేవి, వెట్ బ్రేకులు) ప్లేట్ల పొడి, గేర్ల నుంచి రాలిన రజను ఉంటాయి. గేర్ పంపులో పళ్లకీ బాడీకీ మధ్య సందు చాలా సన్నం, ఒక్క ముక్క గీతలు పెట్టడానికి చాలు. ఫిల్టరు తప్పా కాదా తెలుసుకోవడానికి పంపుని పణంగా పెట్టక్కర్లేదు, సరైన ఫిల్టరు తెచ్చి పెడితే అదే తెలుస్తుంది.

కరీంనగర్_గొర్రు
మా బామ్మర్ది బండి ఇంక నడుస్తనే ఉంది మరి.

మెకానిక్_బాబాయ్
మీ బామ్మర్దిని పొద్దున పూట కాదు, మధ్యాహ్నం పూట లిఫ్టు లేపి చూడమను. నాకు ఫోటో పెట్టు.

సాగర్‌కాల్వ_50
గ్రీజు పెట్టిన, కూత మారలే. వాసర్ ఒకటే ఉంది. ఇగ మనసు ఆగక పశువుల కొట్టంల పడేసిన పాత ఫిల్టర్ ఎతికి తెచ్చి, రెండిటినీ యాక్సా బ్లేడుతోటి అడ్డంగ కోసిన. పాత దాంట్ల ఇనుప తీగ జాలి, చాయ్ వడకట్టే జాలి కంటె కొంచెం సన్నగ. కొత్త దాంట్ల మడతలు మడతలు పసుపు కాగితం, నోటి కాడ నల్ల రబ్బరు రేకు, అడుగున స్ప్రింగు మీద చిన్న మూత. ఊది చూసిన. పాత దాంట్లకెల్లి గాలి అట్లనే పోయింది. కొత్త దాన్ని ఊదితే చెంపలు ఉబ్బినయ్.

పుణే_పంపులు
అది ఇంజను ఆయిల్ ఫిల్టరు. రబ్బరు రేకు ఎందుకంటే, ఇంజను ఆపినప్పుడు ఫిల్టర్లో ఆయిలు వెనక్కి జారిపోకుండా. అడుగున మూత బైపాస్ వాల్వ్. కాగితం మూసుకుపోతే అది తెరుచుకుని ఆయిల్ని పక్కనుంచి వదులుతుంది. కానీ తెరవాలంటే దాదాపు ఒక బార్ తేడా కావాలి. ఇంజన్లో ఆయిలు నాలుగైదు బార్లతో వస్తుంది కాబట్టి తెరుచుకుంటుంది. మీ పంపు ముందు ఉన్నదే మొత్తం ఒక బార్ గాలి, ఆ మూత జన్మలో తెరుచుకోదు. పంపు పాపం ఆ కాగితంలోంచే, ఆ రేకు సందులోంచే తాగాలి.

ఆయిల్_డబ్బా
షాపాయన సగం రేటుకిచ్చాడు, సగం లిఫ్టు వచ్చింది. లెక్క సరిపోయింది కదా.

రేపల్లె_రైతు
ఫిల్టరు తప్పే, ఒప్పుకుంటన్నా. కానీ ఇన్నాళ్లు అట్టా కూసిన పంపు లోపల బాగుంటదా? ఫిల్టరు మార్చినా 16 వేలు తప్పవేమో.

పుణే_పంపులు
మంచి ప్రశ్న. బుడగలు పగిలిన చోట లోహం మీద చీమలు కొరికినట్టు గుంటలు పడతాయి. ఎంత నష్టం అన్నది ఎన్ని గంటలు అలా తిరిగిందన్న దాన్ని బట్టి. సాగర్ గారూ, మీటర్ మీద ఎన్ని గంటలు అయ్యాయి సర్వీసు తర్వాత?

సాగర్‌కాల్వ_50
14 గంటలు.

మెకానిక్_బాబాయ్
అదృష్టవంతుడివి. రేపే అసలు ఫిల్టరు తెచ్చుకో. పార్టు నంబరు బండితో వచ్చిన బుక్కులో ఉంటది, ఆ నంబరు చెప్పి అడుగు, ఫిల్టరు చూపించి అడగబాకు. మీ దగ్గర లేకపోతే విజయవాడ ఆటోనగర్‌లో దొరకొచ్చు. బిగించేముందు ఫిల్టర్లో వీలైనంత ఆయిలు నింపు, వాసర్‌కి కాస్త ఆయిలు రాయి, చేత్తోనే బిగించు. స్టార్ట్ చేశాక రేస్ ఇవ్వబాకు. రోటావేటర్ విప్పేసి, వట్టి లిఫ్టు చేతులు పది సార్లు లేపి దించు, గాలంతా పోద్ది. తర్వాత ఇంజను ఆపి కొలపుల్ల మళ్లీ చూడు. ఇంతకీ మొన్న పోసిన ఆయిలు ఏంది?

సాగర్‌కాల్వ_50
డబ్బా మీద ట్రాక్టర్ హైడ్రాలిక్, వెట్ బ్రేకులకు అని ఉంది బాబాయ్. అది కంపెనీదే.

మెకానిక్_బాబాయ్
బతికించావ్. కొంతమంది 90 నంబరు గేరాయిలు పోసి, పొద్దున లిఫ్టు లేవట్లేదని వస్తారు. చలికాలం పొద్దున అది బెల్లం పాకంలా ఉంటది.

పాతబండి_1978
మా మాస్సీకి

ఆయిల్_డబ్బా
గురువుగారూ, సగంలో ఆపేశారు. ఆయిలు అయిపోయిందా?

సాగర్‌కాల్వ_50
మూడు రోజులైంది, ఇయ్యాల టైం దొరికింది రాయనీకి. అసలు ఫిల్టర్ సూర్యాపేటల దొరికింది. బాబాయ్ చెప్పినట్టే బిగిచ్చిన. మొదట రెండు మూడు సార్లు లిఫ్టు చేతులు కొట్టుకుంట కొట్టుకుంట లేసినయ్, తర్వాత సాఫైంది. రోటావేటర్ తగిలిచ్చి పొద్దుగాల చల్లగున్నప్పుడే టైం చూసిన. 3 సెకన్లు. కాల్వ కింద ఆరెకరాలు దమ్ము అయిపోయింది. ఫుల్ రేస్ మీద చెవి పెట్టి వింటే సన్నగ ఈల లెక్క ఇంక వస్తుంది, ఇది ముందటి నుంచి ఉన్నదో, ఇప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు. ఎప్పుడు చెవి పెట్టి విన్నం గనక.

మెకానిక్_బాబాయ్
కొంచెం ఈల అన్ని గేర్ పంపులకీ ఉంటది. ఇకనుంచి మధ్యాహ్నం బాగా వేడెక్కినాక టైం చూసి గోడ మీద రాసుకో. మూడు సెకన్లు కాస్తా నాలుగైతే, నాలుగు కాస్తా ఆరైతే అప్పుడు పంపు సంగతి మాట్లాడదాం. ఆ కోసిన ఫిల్టరు షాపాయనకి చూపించావా?

సాగర్‌కాల్వ_50
చూపిచ్చిన. కోసిన మాల్ వాపస్ తీస్కోం అన్నడు.

రేపల్లె_రైతు
బాబాయ్, ఒక మాట. ఎవరూ నవ్వకూడదు. రెండేళ్ల కిందట నా పంపు మార్చినప్పుడు బిల్లు తీసి చూశా ఇప్పుడే. పంపు, ఆయిలు, దాని కింద ఇంకో లైను: హైడ్రాలిక్ ఫిల్టరు 1. ఆ పాత పంపు అటక మీద గోతంలోనే ఉంది.

ఆయిల్_డబ్బా
ఎంతకిస్తావ్ అన్నా?